రెండో కేక

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద, మామిడి తోటల మధ్య, ఒక రేకుల షెడ్డు ఉంది. ముప్పై మందికి పైగా ఆడవాళ్ళు అందులో బంగినపల్లి కాయలు కడిగి, తుడిచి, సైజులు ఏరి ట్రేలలో సర్దుతుంటారు. ట్రేల మోతలో గొంతెత్తితే తప్ప మాట వినపడని చోటు. అయినా రోజంతా ఒక కేక, దానికో బదులు వినిపిస్తూనే ఉంటాయి.

"సరోజా!"

"ఓయ్!"

ఊసుపోక పిలుచుకోవడం కాదది. తోటల్లో కాయ కోసేటప్పటి అలవాటు. గుబురు తోటలో పక్క చెట్టు కింద మనిషి కనపడదు. పాము ఉండొచ్చు, కొమ్మ విరిగి మీద పడొచ్చు, ఎండకి కళ్ళు తిరగొచ్చు. అందుకని ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుస్తుంటారు. పిలిస్తే పలకాలి. పలక్కపోతే ఇంకోసారి పిలుస్తారు. రెండో కేకకీ పలక్కపోతే చేతిలో ఏదుంటే అది అక్కడే పడేసి అందరూ అటు పరిగెత్తాలి. ఎదురుగా యజమాని ఉన్నా సరే, కాయ పగిలినా సరే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలీదు. తప్పినవాళ్ళు మాత్రం లేరు.

తోటలోని ఆ కేక షెడ్డులోకి వచ్చింది సరోజ వల్లే. షెడ్డు చివర మాగబెట్టే గది ఉంది. పచ్చికాయ అందులో పెట్టి, గ్యాసు వదిలి, తలుపు మూస్తారు. మాగేటప్పుడు కాయ కూడా ఊపిరి వదులుతుంది. ఆ చెడుగాలి బయటికి పోవడానికి గోడకి పెద్ద ఫ్యాను బిగించారు. ఫ్యాను తిరిగితే గదిలో చల్లదనం పోతుంది, కరెంటు కాలుతుంది. అందుకని దాన్ని ఆపి ఉంచుతారు. తలుపు దానంతటదే మూసుకునే రకం. లోపలి వైపు పిడి ఊడి చాలా కాలమైంది, బిగించిన నాథుడు లేడు. సీజను మొదట్లో ట్రేలు సర్దడానికి లోపలికెళ్ళిన సరోజ అక్కడే కూలిపోయింది. ఖాళీ ట్రే కోసం బుల్లెమ్మ తలుపు తీసింది కాబట్టి బతికింది.

మేనేజరు కిషోర్ బాబు ఒక మజ్జిగ ప్యాకెట్టు ఇప్పించి, "పొద్దున్నే ఏం తినకుండా వస్తే ఇట్టాగే అవుద్ది," అన్నాడు.

సరోజ తిన్నది. కడుపు నిండా చద్దన్నం తినే వచ్చింది. ఆ సంగతి ఎవరడిగారు గనక?

ఆ రోజు నుంచి ఎవరు లోపలికెళ్ళినా తలుపు దగ్గర స్టూలు వేసుకుని ఒకళ్ళు కూర్చుంటున్నారు. పిలుస్తున్నారు. లోపలి మనిషి పలుకుతోంది.

సరోజ ఆడపడుచు నవ్య. అదే షెడ్డులో ట్రేలకి స్టిక్కర్లు అంటిస్తుంది. డిగ్రీ పూర్తిచేసింది, ఉద్యోగం మాత్రం దొరకలేదు. ఇంగ్లీషు ఫోనులో నేర్చుకుంది, ఎవరూ నేర్పకుండా. అందులో ఆమెకి భలే ఇష్టమైనవి జంట మాటలు. 'గివ్' అంటే ఇవ్వడమే. పక్కన 'అప్' చేరిందా, చేతులెత్తేయడం. 'లుక్' అంటే చూడడం. 'లుక్ డౌన్ ఆన్' అన్నారా, చులకనగా చూడడం. పక్కన ఎవరు చేరారన్నదాన్ని బట్టి మనిషి మారినట్టే మాటా మారుతుంది అనుకునేది. ఇంగ్లీషు చూసి ఆమెకి ఎప్పుడూ భయం వేయలేదు. ఆ గది తలుపు చూస్తేనే వేసేది. వదిన పడిపోయిన దగ్గర్నుంచి ఆ తలుపు 'టప్' మని మూసుకున్నప్పుడల్లా నవ్య చేతిలో స్టిక్కరు ఆపి అటు చూసేది. పొద్దున పనికి బయల్దేరేటప్పుడు ఈ రోజు లోపలికి ఎవరి వంతు అన్నదే మొదటి ఆలోచన.

ఒక రోజు కిషోర్ బాబు ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"మన కాయ కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకి ఢిల్లీ నుంచి ఒక మేడమ్ వస్తందమ్మా. ఆవిడకి తెలుగు రాదు. పనివాళ్ళతో మాట్లాడతానంటంది. నువ్వు పక్కనుండి అటిటు చెప్పాలి. అంతకు ముందు మనోళ్ళ చేత నాలుగు ఇంగ్లీషు ముక్కలు పలికించు. నీ ఫోనుకి పంపిస్తా. ఆవిడ పడిపోవాలి."

"అర్థాలు కూడా చెప్పనాండీ?"

"అర్థాలతో వాళ్ళకేం పని? నోటికొస్తే చాలు." కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది బాగా జరిగిందనుకో, ఆఫీసులో కంప్యూటర్ ముందు కుర్చీ నీదే. మీ వదిన పనికి కూడా ఢోకా ఉండదు."

ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. కుర్చీ సంగతి నవ్య అప్పుడే మర్చిపోయింది. వదిన పనికి ఢోకా ఉంది అన్నది మాత్రం చెవిలో ఉండిపోయింది. పనోళ్ళని బెదిరించడానికి అరవక్కర్లేదు, హామీ ఇస్తే చాలు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పాఠం. ట్రేలు బోర్లించుకుని అందరూ చుట్టూ కూర్చున్నారు.

"వుయ్ ఆర్ వెల్ లుక్డ్ ఆఫ్టర్," అంది నవ్య. మమ్మల్ని బాగా చూసుకుంటున్నారని దానర్థం, అది చెప్పలేదు.

ముప్పై గొంతులు ముప్పై రకాలుగా అన్నాయి.

"వుయ్ గెట్ ఆన్ విత్ ద మేనేజర్."

బుల్లెమ్మ చెయ్యెత్తింది. అందరిలోకీ పెద్దది. పళ్ళు సగం లేవు, అదురూ బెదురూ అసలు లేదు. "ఆగవే అమ్మాయ్. మేనేజర్ అన్న ముక్క తెలిసింది. మిగతాది ఏంటి?"

"అర్థం అక్కర్లేదంట, బుల్లెమ్మత్తా. పలికితే చాలంట."

"తెలీకుండా ఎట్టా పలుకుతానే? ఆయన్ని నా మొగుడని చెప్పిస్తన్నావో ఏంటో."

కిసకిసలు. కొత్తగా పెళ్ళయిన పూజిత ముఖం కొంగులో దాచుకుంది. "అదే అయితే అత్తకి ఆఫీసు గదిలో మంచం వేయించాలి!"

నవ్యకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆఫీసు అద్దం వైపు చూసింది. ఆయన లేడు. గొంతు తగ్గించి చెప్పింది. "మేనేజరుతో మాకు పడుతుంది అని."

"ఎవరికి పడుద్ది? నాకు పడదు. పడదు అనేదానికి ఏం చెప్పాలో అది నేర్పు."

అట్లా మొదలైంది. ఒక్కో వాక్యం దగ్గరా ఆపించి అడిగారు, అందులో లేనివీ అడిగారు. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటే కళ్ళుండీ చూడనట్టు ఊరుకోవడం. "దానికి మాటంటూ ఒకటుంటే," అంది బుల్లెమ్మ, "వాళ్ళ దేశంలోనూ ఈ పని చేసేవాళ్ళున్నారన్నమాట." 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం, భరించడం. "మూడూ చిన్న ముక్కలే," అంది పూజిత, "మోసేది మాత్రం ఎంత బరువో!" ఫోనులో చదివినప్పుడు నవ్యకి ఇవి ఊరికే మాటలు. ఇక్కడ ఒక్కోదానికీ ఒక్కో మనిషి గుర్తొచ్చేది.

చివరి వాక్యం: 'ఇఫ్ ఎనీథింగ్ గోస్ రాంగ్, వుయ్ స్పీక్ అప్.'

"ఏదైనా తేడా జరిగితే మేం నోరు విప్పి చెప్తాం," అంది నవ్య. అన్నాక తలెత్తి చూస్తే ఎవరూ నవ్వడం లేదు.

సరోజ నెమ్మదిగా అడిగింది. "నేను పడిపోయిన రోజున ఎవరమ్మా నోరు విప్పింది?"

ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. మామిడి సొనకి కాలి మచ్చలు పడ్డ చేతులు.

"నేనూ విప్పలేదులే," అంది సరోజ తనే. "పని పోతే మీ అన్నయ్య ఒక్కడి కూలితో ఇల్లు గడుస్తుందా? చెప్పు, ఇంకోసారి చెప్పు. స్పీక్... ఏంటీ?"

"స్పీక్ అప్, వదినా."

"స్పీక్ అప్," అని సరోజ పనిలోకి లేచింది.

తనిఖీ రోజు పొద్దున షెడ్డంతా ఫినాయిల్ వాసన. అందరికీ కొత్త టోపీలు, కొత్త మాస్కులు ఇచ్చారు. మాగబెట్టే గది ముందు స్టూలు లేదు.

"స్టూలేదండీ?" అంది నవ్య.

"తీయించేశా. తలుపు ముందు కాపలా కూర్చుంటే ఆవిడేం అనుకుంటది? లోపల దయ్యం ఉందనుకుంటది." కిషోర్ బాబు కొత్త చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. "ఆ పిలుపులు కూడా ఈ రోజు బంద్. సంతలా ఉండకూడదు. మీ వదిన లోపల ట్రేలు సర్దుతా ఉండాలి. మేం తలుపు తీసేసరికి నీటుగా మాస్కు పెట్టుకుని కనపడాలి."

"తలుపు కొంచెం ఓరగా ఉంచుదామండీ."

"గ్యాసు పోద్ది."

"ఫ్యానన్నా..."

"కారు గేటు దగ్గరకి రాగానే ఆఫీసు కుర్రాడు సురేష్ వేస్తాడు. నువ్వు నీ ఇంగ్లీషు చూసుకో." ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "నవ్యా, ఈ రోజు ఏదన్నా తేడా వస్తే షెడ్డు మూతపడుద్ది. ముప్పై కుటుంబాలు. ఎవరి వల్లో అందరికీ తెలుస్తుంది."

సరోజ మాస్కు సర్దుకుంటూ, "ఏం కాదులే. కాసేపేగా," అంది. ఆమె చేయి పట్టుకుంటే చెమటతో జారుతోంది. భయపడేవాళ్ళు భయపడుతున్నామని చెప్పరు, చెప్తే ఎదుటివాళ్ళు కూడా భయపడతారని. లోపలికెళ్ళింది.

టప్.

మేడమ్ వచ్చింది. నడివయసు, కాటన్ చీర, చేతిలో ఏమీ లేదు. గేటు దగ్గర ఆగి తోట చూసింది. కడుగుడు తొట్టి దగ్గర ఆగింది. నీళ్ళు ఎంత సేపటికి మారుస్తారని అడిగింది. కిషోర్ బాబు చెప్పాడు. కాయ చేత్తో పట్టుకుని వాసన చూసింది. ఏ తోటదని అడిగింది. ఆయన మైలవరం వైపు తోటలు, ఈ పక్క తోటలు అంటూ పొడుగ్గా చెప్పాడు. ఆవిడకి తొందరే లేదు.

నవ్య చెవులు మాత్రం షెడ్డు ఆ చివర ఉన్నాయి. ఏదో లేదు. ఏదో వినపడాలి, వినపడడం లేదు. ఒక్క క్షణం తట్టలేదు. తర్వాత తట్టింది.

ఫ్యాను చప్పుడు లేదు.

సురేష్ కోసం వెతికింది. గేటు అవతల కొబ్బరిబోండాలు కొట్టిస్తున్నాడు. కారు రాగానే మేడమ్‌కి బోండాలు తెమ్మన్నారు, తేవడానికెళ్ళాడు. స్విచ్చు సంగతి వాడికి గుర్తులేదు, ఇంకెవరికీ గుర్తులేదు.

"సార్," అంది నవ్య తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా, "ఫ్యాను వేయలేదండీ."

కిషోర్ బాబు నవ్వు చెరగలేదు. అదే నవ్వుతో, "నోరు మూసుకుని నడువు," అన్నాడు.

ఏరే బల్లల దగ్గరకొచ్చారు. ఆడవాళ్ళు లేచి నిలబడి వరసగా అప్పజెప్పారు. వుయ్ ఆర్ వెల్ లుక్డ్ ఆఫ్టర్. మేడమ్ ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. నీ పేరేంటి, నీ ఊరేంటి అని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. నవ్య అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తోంది. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. వదిన లోపలికెళ్ళి ఎంత సేపైంది? చాలా సేపైంది. మొదటిసారి పడిపోయినప్పుడు ఇంత సేపు కూడా కాలేదు. బల్లల దగ్గర ఎవరి కళ్ళూ మేడమ్ మీద లేవు. అందరూ దొంగచూపులు చూస్తున్నది ఆ తలుపు వైపే. పిలవొద్దన్నారు. పిలవకుండా ఉండడం అలవాటు లేని నోళ్ళవి. పూజిత పెదవులు మాస్కు కింద కదులుతున్నాయి.

ఇప్పుడు అరిస్తే? వదిన లోపల నిక్షేపంగా ట్రేలు సర్దుకుంటూ ఉంటే? షెడ్డు మూతపడితే ముప్పై కుటుంబాలు నవ్య ముఖాన ఉమ్మేస్తాయి. అరవకపోతే? ఆ రెండో ఆలోచన పూర్తిగా ఆలోచించే ధైర్యం ఆమెకి లేకపోయింది.

బుల్లెమ్మ వంతొచ్చింది. "ఇఫ్ ఎనీథింగ్... గోస్ రాంగ్... వుయ్ స్పీక్ అప్," అంది ముసలిది, ఒక్కో ముక్కా కూడబలుక్కుని, నవ్య కళ్ళలోకే చూస్తూ.

మేడమ్ మెచ్చుకోలుగా తలాడించింది. తర్వాత ఫోనులో లేని ప్రశ్న ఒకటి అడిగింది.

నవ్య తెలుగులో చెప్పింది. "ఎప్పుడైనా అట్టా నోరు విప్పాల్సి వచ్చిందా అని అడుగుతున్నారు, బుల్లెమ్మత్తా."

"ఆవిడ అడిగింది నన్ను కాదే," అంది బుల్లెమ్మ.

కిషోర్ బాబు గొంతు సవరించుకున్నాడు. నవ్య నోరు తెరిచింది. ఇంగ్లీషు రాలేదు. ఒక్క ముక్క కూడా రాలేదు. వచ్చింది ఒకటే.

"వదినా!"

షెడ్డు మొత్తం ఆగిపోయింది. ముప్పై మంది ఊపిరి బిగబట్టి విన్నారు. తొట్టిలో నీళ్ళు కారుతున్న చప్పుడు.

"ఏయ్, ఏంటిది?" అన్నాడు కిషోర్ బాబు.

"వదినా!"

రెండో కేక.

పలకలేదు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముప్పై మంది చేతుల్లో కాయలు ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. బల్లలు పక్కకి తోసేశారు. టోపీలు ఊడిపోయాయి. ఢిల్లీ నుంచి వచ్చిన మేడమ్ గోడకి అతుక్కుని దారి ఇచ్చింది. "ఆగండి! ఎవరన్నా కదిలారంటే..." అని అడ్డం నిలబడ్డ మేనేజర్ని పూజిత భుజంతో కొట్టి దాటేసింది. బంగినపల్లి కాయలు కాళ్ళ కింద చితికాయి.

తలుపు తోస్తే రాలేదు. ఏదో అడ్డంగా ఉంది. నలుగురు కలిసి తోస్తే సందు విచ్చుకుంది. లోపల నుంచి చిక్కటి తీపి వాసన ముఖాన కొట్టింది. మాగిన పండు వాసన అంత భయంగా ఉంటుందని నవ్యకి ఆ రోజే తెలిసింది. తలుపు వెనకే సరోజ. తలుపు దాకా పాకివచ్చింది. గొళ్ళెం సందులో వేళ్ళు ఇరికించి పట్టుకుని, అట్లాగే వాలిపోయింది. గోళ్ళ చివర్లలో రక్తం.

బయటికి ఈడ్చుకొచ్చి గాలికి పడుకోబెట్టారు. మాస్కు లాగేశారు. ఎదమీద చెవి పెట్టి, "ఆడుతోంది! ఊపిరాడుతోంది!" అంది బుల్లెమ్మ. "పిలవండే, పిలవండి!"

"సరోజా! సరోజా!"

కళ్ళు తెరవలేదు.

మేడమ్ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. కిషోర్ బాబు ముందే అందుకున్నాడు, గడగడా ఇంగ్లీషులో. ఈమెకి బీపీ తక్కువట, ఉపవాసాలు చేస్తుందట, ఎన్నిసార్లు చెప్పినా వినదట. తర్వాత నవ్య చెవి దగ్గర వంగి, తెలుగులో, "అదే చెప్పు. నువ్వూ అదే చెప్పు. మీ వదిన ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటా," అన్నాడు.

నవ్య ఆయన వైపు చూడలేదు. వదిన చల్లటి చేయి తన చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ ఇష్టంగా పోగుచేసుకున్న జంట మాటలు ఒక్కటీ దగ్గరకి రాలేదు. అవి తీరిగ్గా కూర్చున్నప్పటి మాటలు. చిన్నపిల్లల ఇంగ్లీషులో, తప్పులతో, ఒక్కో ముక్కా తెంపి చెప్పింది. ఫ్యాను ఆపేస్తారు. లోపల పిడి లేదు. ఇది రెండోసారి. ఈమె పొద్దున అన్నం తిన్నది, నేను వడ్డించాను. ఈయన అబద్ధం చెప్తున్నాడు. మేం చెప్పిన వాక్యాలన్నీ ఈయన రాసిచ్చినవి.

మేడమ్ ఆమె ముఖంలోకి చూసింది, కిషోర్ బాబు ముఖంలోకి చూసింది. లేచి గదిలోకెళ్ళి తలుపు లోపలివైపు చేత్తో తడిమింది. పిడి ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు. బయటికొచ్చి తన డ్రైవర్ని కేకేసింది.

సరోజని కారులో పడుకోబెడుతుంటే కిషోర్ బాబు తక్కినవాళ్ళ మీద అరుస్తున్నాడు. లోడు వస్తోంది, పనిలోకి నడవండి, గది నింపాలి. ఒక్కళ్ళూ కదల్లేదు. ఆఫీసు వెనక దాచిన స్టూలు పూజిత తెచ్చి తలుపు ముందు వేసింది. బుల్లెమ్మ దాని మీద కూర్చుని కాళ్ళు బారజాపింది. "పిడి బిగించండి, ఫ్యాను తిప్పండి. అప్పటిదాకా ఇందులోకి కాయా వెళ్ళదు, మనిషీ వెళ్ళదు." ఆవిడ గొంతు కూడా వణికింది. ధైర్యవంతులకి భయం ఉండదని చెప్పేవాళ్ళు ఏనాడూ కూలి పనికి వెళ్ళినవాళ్ళు కాదు.

కారు నూజివీడు వైపు పరిగెత్తింది. మేడమ్ ముందు కూర్చుంది, వెనక్కి తిరిగి చూస్తోంది. షెడ్డు ఉంటుందో మూతపడుతుందో నవ్యకి తెలీదు. ఆవిడ ఢిల్లీ వెళ్ళి ఏం చెప్తుందో తెలీదు. రేపు గేటు దగ్గర తనని లోపలికి రానిస్తారో లేదో తెలీదు. ఒళ్ళో వదిన తల బరువుగా ఉంది. కిటికీలోంచి తోటలు వెనక్కి పోతున్నాయి. ఒక తోటలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. నవ్య వంగి పిలిచింది.

"వదినా!"

జవాబు లేదు.

"వదినా! పలుకు వదినా! వదినా!"

ఊరి మొదట్లో కారు స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడింది. సరోజ పెదవులు విడివడ్డాయి. కళ్ళు తెరవలేదు. ఎక్కడో చాలా దూరపు చెట్టు కింద నుంచి వచ్చినట్టు, గాలిలా, వచ్చింది.

"...ఓయ్."

నవ్యకి ఏడుపొచ్చింది. అయినా నమ్మలేదు. ఒక్క పలుకుని నమ్మడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ఆసుపత్రి గేటు కనపడేదాకా పిలుస్తూనే ఉంది.